నాలుగో ముక్క

రాజమండ్రిలో నేను ఉంటున్న గదికి దగ్గర్లో పాత పుస్తకాల కొట్టు ఒకటుంది. వానాకాలంలో దాని ముందు నుంచి నడిస్తే తడిసి ఆరి మళ్లీ తడిసిన నాసిరకం కాగితం, అట్టలకు పూసిన మైదాపిండి జిగురు, మూలల్లో పట్టిన బూజు, ఈ మూడూ కలిసిన వాసన వస్తుంది. ఆదివారాల్లో కలుసుకునే మా పాఠకుల బృందంలో ఆ వాసన ఇష్టం లేనివాళ్లు లేరు. ఒకాయన అయితే పుస్తకం తెరవగానే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటారు. నాకు మాత్రం ఆ వాసన తగలగానే చూపు తెలియకుండానే గుమ్మం మీదికి పోతుంది, అక్కడ తడి ఉందేమోనని.

ఆ బృందంలో వంతుల వారీగా తమకిష్టమైన రచయిత గురించి మాట్లాడాలి. నా వంతు వచ్చినప్పుడు, ఏ పనికైనా జాబితా వేసుకునే అలవాటు కొద్దీ కాగితం తీసి అంకెలు వేశాను. రెండో అంకె నుంచి కింద వరకు పేర్లు సులువుగానే పడ్డాయి. మొదటి అంకె ఎదురుగా ఏమీ రాయలేకపోయాను. నన్ను అందరికంటే ఎక్కువగా పట్టి ఊపిన ఆ రచయిత పేరు నాకు తెలియదు. మా వీధిలో ఎవరికీ తెలియదు. మేము పుస్తకాలు చదివిన పద్ధతే అలాంటిది.

మా ఊరు ద్రాక్షారామానికి ఆవల గోదావరి పాయ గౌతమి గట్టును ఆనుకుని ఉంటుంది. మా వీధి ఆడవాళ్లు రామచంద్రపురం నుంచి పాత నవల ఒకటి తెప్పించుకునేవారు. ఒకే పుస్తకం, చదివే ఇళ్లు అరడజను. ఒకరు ముగించేదాకా మిగిలినవాళ్లు ఆగాలంటే ప్రాణం పోయినట్టుండేది. అందుకని మూలింటి రత్నం గారు, చదువరుల్లో పెద్దావిడ, కొత్తగా వచ్చిన నవలను అరుగు మీద బోర్లా పెట్టి, బ్లేడుతో వెన్ను కోసి, కుట్టు విడదీసి, నాలుగైదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు దబ్బనంతో పురికొస కుట్టు వేసేవారు. మొదటి ముక్క ఒక ఇంట్లో చదువుతుండగా మరో ఇంటివాళ్లు దానికోసం కాచుకునేవారు, అది చేరగానే రెండోది మొదటి ఇంటికి కదిలేది. అలా కథ మా వీధిలో ఇంటి నుంచి ఇంటికి కొంగుల చాటున, శ్రావణ శుక్రవారం వాయనాల్లో నానబెట్టిన శనగల పొట్లం కింద, ఆవకాయ జాడీ మూత మీద ప్రయాణం చేసేది. పేజీల మీద శనగల తడి మచ్చలు, పసుపు వేళ్ల గుర్తులు, నూనె మరకలు పడి ఉండేవి. అట్ట చింపి అన్నే భాగాలు చేసి ముక్కలకు వెనక దన్నుగా అంటించేవారు కాబట్టి పుస్తకం పేరూ రచయిత పేరూ మొదటి రోజే పోయేవి.

పేర్లు లేకపోతేనేం, మా వాళ్లు రచయితలను వాసన పట్టినట్టు పట్టేవారు. కథానాయిక ప్రతి కష్టానికీ కాఫీ కలుపుకునే నవలలు రాసేది కాఫీలావిడ. ఆఖరి పేజీలో ఎవరినో ఒకరిని చంపితేగానీ నిద్రపట్టనివాడు ఏడుపుగొట్టాయన. వీళ్లందరిలోకీ రేవులాయన వేరు. ఆయన నవలల్లో దయ్యాలు శ్మశానాల్లో తిరగవు, పడవల రేవుల్లో నిలబడి ఉంటాయి. రత్నం గారికి కాఫీలావిడ ఇష్టం, మా అమ్మకు ఏడుపుగొట్టాయన. ఆ మాట మీద నూతి దగ్గర వాదనలు జరిగేవి.

"మీ ఏడుపుగొట్టాయన చదివి చదివి నీ పచ్చళ్లలో ఉప్పెక్కువైపోతుందే" అనేవారు రత్నం గారు.

"మీ కాఫీలావిడ పుణ్యమా అని మీ ఆయనకి అన్నం లేదు, కాఫీయేనంట కదా వదినా" అనేది అమ్మ.

రేవులాయన పక్షాన ఉన్నది ఒక్క సత్య పిన్ని. పిన్ని మా అమ్మకు చెల్లెలు. అమ్మమ్మ పోయాక పిన్నికి పుట్టిల్లంటే మా ఇల్లే. ఏటి మధ్య లంకలోకి ఆమెను ఇచ్చారు. మా గట్టు మీద నిలబడితే ఆ లంక అరటి తోటలు, వాటి వెనక బడి మేడ కనిపించేవి. నవల ముక్కలు పిన్నికి గంగరాజు పడవ మీద వెళ్లేవి. పొద్దున్నే పాల క్యాన్లూ వంకాయల బుట్టలూ దింపి, తిరిగి వెళ్లేటప్పుడు గంగరాజు పాలిథిన్ కవరులో చుట్టిన ముక్కను తలగుడ్డలో దోపుకునేవాడు. "ఆయ్, తడవనివ్వనండి, నా తల తడిసినా సరే" అనేవాడు, మా వైపు ప్రతి ఒప్పుకోలుకూ ముందుండే ఆ ఆయ్‌తో.

నాకు తొమ్మిదేళ్లున్న ఆ ఏడు పిన్ని కడుపుతో ఉంది. తొలి కాన్పుకు మా ఇంటికి తీసుకురావాలి. ఐదో నెలలో అనుకున్న ప్రయాణం ఏదో కారణంతో వెనక్కి పోయి ఏడో నెల దాటింది. ఇక వాళ్ల అత్తగారు, నేను లంక మామ్మ అని పిలిచే ఆవిడ, ససేమిరా అన్నారు. నిండు చూలాలు ఏరు దాటకూడదన్నది మా వైపు పాత పట్టింపు. గంగమ్మ ఒకటికి రెండు ప్రాణాలు తీసుకుంటుందని ముసలివాళ్ల భయం. మా అమ్మ కబురు మీద కబురు పంపింది. మామ్మ కదల్లేదు. ఎగువన వానలు మొదలయ్యాయి. రేడియోలో ధవళేశ్వరం నీటిమట్టం చెబుతుంటే అమ్మ కత్తిపీట ఆపి వినేది.

సరిగ్గా అప్పుడే రేవులాయన నవల ఒకటి మా వీధికి వచ్చింది. అయిదు ముక్కలయింది. అందులో కుముద అనే అమ్మాయి నిండు నెలలతో ఒక లంకలో ఉంటుంది. మూడో ముక్క చివర లంక చుట్టూ వరద కమ్ముకుంటుంది. అక్కడి దాకా పిన్నికి వెళ్లిపోయాయి. నాలుగో ముక్క చదివిన రోజు రత్నం గారు మా వంటింట్లోకి వచ్చి, దాన్ని పీట మీద బోర్లించి, గొంతు తగ్గించారు.

"ఇది కడుపుతో ఉన్న పిల్ల చదివేది కాదమ్మా. జడుసుకుందంటే మనకి చుట్టుకుంటుంది."

"మరి కథ తెగిపోదూ?" అంది అమ్మ.

"అయిదోది హాయిగా ఉంది. అందులో ఒక్క భయం మాట లేదు. అది పంపేద్దాం. మధ్యది కాన్పయ్యాక చదువుకుంటుంది."

ఇద్దరూ ఒప్పుకున్నారు. అయిదో ముక్క గంగరాజు తలగుడ్డలో ఏరు దాటింది. నాలుగోదాన్ని అమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత చీరల కింద పెట్టింది. పెట్టడం నేను చూశాను.

పెరటి వసారాలో, చూరు నుంచి నీళ్లు ధార కడుతున్న ఒక మధ్యాహ్నం, అమ్మ కునుకు తీస్తుండగా దాన్ని చదివాను. కుముద పడవ ఎక్కుతుంది. నడి ఏట్లో పడవ తిరగబడుతుంది. ఆమె మునిగిపోవడం ఆ రచయిత రెండు పేజీలు రాశాడు, ఒక్క అరుపు లేకుండా, బియ్యం కడిగినంత నెమ్మదిగా. తర్వాత సందె వేళ గట్టు మీది రేవులో కుముద మెట్లెక్కి వస్తుంది. తలుపు తీసిన అక్క సంబరపడుతుంది. ఆమె చీర కుచ్చెళ్ల అంచు మాత్రం తడిగా ఉంటుంది. మర్నాడూ తడిగానే ఉంటుంది. గుమ్మం మీద ఆరని తడి. నీళ్లలోంచి వచ్చినదానికి దేనికీ భయం లేదు, భయమంతా ఏట్లోనే వదిలేసి వచ్చింది అన్న మాటతో ఆ ముక్క ఆగిపోతుంది. ఆ తర్వాత ఏమైందో తెలియాలంటే అయిదో ముక్క కావాలి. అది లంకలో ఉంది. లంకలో పిన్ని ఉంది. ఏరు పెరుగుతోంది.

ఆ రోజు నుంచి నేను గట్టు మీద ఒక ఇటుక ముక్క పెట్టి నీళ్లు దాన్ని ఎప్పుడు తాకుతాయో చూడటం మొదలుపెట్టాను. బడి నుంచి వచ్చేసరికి ఇటుక మునిగేది. ఇంకొంచెం పైన ఇంకోటి పెట్టేవాణ్ణి. నీళ్లు ఎర్రగా, చిక్కగా, అరటి బోదెలనూ గడ్డి మేట్ల కప్పులనూ కొబ్బరికాయలనూ ఒకసారి తొట్టితో సహా ఒక చచ్చిన దూడనూ మోసుకుపోతుండేవి. చప్పుడు పెద్దగా ఉండేది కాదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టేది. అంత నీరు అంత నిశ్శబ్దంగా పోతుంటే అది ఏదో పని మీద పోతున్నట్టు అనిపించేది.

రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిన నాడు గంగరాజు ఇక పడవ కట్టేస్తానన్నాడు. ఆఖరి సారి లంకకు వెళ్లి వస్తానని పొద్దున పోయినవాడు సాయంత్రమైనా రాలేదు. అమ్మ, రత్నం గారు, నేను గొడుగుల కింద రేవులో నిలబడ్డాం. సందె పడుతుండగా పడవ వచ్చింది. పడవలోంచి పిన్ని దిగింది. ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో పాలిథిన్ కవరు పట్టుకుని, రేవు మెట్ల మీద నీళ్లను కాళ్లతో తోసుకుంటూ పైకి వచ్చింది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి అంటుకుపోయి ఉన్నాయి.

"అక్కా, మూడు తర్వాత అయిదు పంపేరేంటే? నాలుగో ముక్క ఏదీ?" అన్నది పిన్ని మొదటి మాట.

అమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఆమెను పట్టుకుంది. "ముందు గట్టెక్కవే తల్లీ, ముక్క సంగతి తర్వాత చూద్దాం." నేను గొడుగు వదిలేసి ఇంటికి పరిగెత్తాను. నవలలో ఇదే రేవు, ఇదే సందె, ఇదే అక్క. ఒక్క మాట తేడా లేదు.

ఇంటికి వచ్చి పొడిబట్టలు కట్టుకుని, వేడి కాఫీ తాగుతూ, పిన్ని అమ్మకూ రత్నం గారికీ చెబుతోంది. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"మీ అత్తగారు ఎలా ఒప్పుకున్నారే?" అని అమ్మ అడిగింది.

"నవలే ఒప్పించింది. ఆవిడకి చదువు రాదు కదా, రోజూ మధ్యాహ్నం చదివి వినిపిస్తున్నాను. మూడో ముక్కలో కుముద వరదలో లంక మీద ఉంది. అయిదోది తీస్తే గట్టు మీద అక్కగారింట్లో ఉంది, ఉయ్యాల కడుతున్నారు, అందరూ సంతోషంగా ఉన్నారు. అత్తయ్య రెండు రోజులు ఆలోచించింది. దాటేసిందన్నమాటే, ఏం కాలేదన్నమాటే, అంది. పొద్దున్నే లేచి, ఆ పిల్లకి కానిది నీకేం అవుద్దే, నువ్వూ వెళ్లిపో అని తనే గంగరాజుని పిలిచింది."

అమ్మ గ్లాసు కింద పెట్టి, ట్రంకు పెట్టె మూత సరిగా పడిందో లేదో చూసి వచ్చింది. పెద్దవాళ్లు భయపడటం నేను చాలాసార్లు చూశాను గానీ, జరగనిదాన్ని తలుచుకుని భయపడటం అప్పుడే చూశాను. "ఎంత పని చేసేమే" అన్నారు రత్నం గారు, ఎవరితోనో తెలియకుండా. పిన్నికి అర్థం కాలేదు. నాలుగో ముక్క ఎక్కడుందని మళ్లీ అడిగింది. చెదలు పట్టిందని అమ్మ అబద్ధం చెప్పింది.

మర్నాటికి లంక మునిగింది. అరటి తోటల ఆకుల చివళ్లు మాత్రం కనిపించేవి, తర్వాత అవీ కనిపించలేదు. ఊరివాళ్లంతా బడి మేడ ఎక్కారని, మామ్మా బాబాయీ అక్కడే ఉన్నారని ఎవరో అన్నారు, ఫోను లైను తెగిపోయింది కాబట్టి నిజమో కాదో తెలియదు. ఆ మేడ మీద నిండు నెలలతో పిన్ని ఉంటే ఏమయ్యేదో అమ్మ పైకి అనలేదు. ఇంట్లో అందరూ లంక కోసం భయపడుతుంటే నా భయం ఇంట్లోనే తిరుగుతుండేది. పిన్ని నడిచి వెళ్లాక గుమ్మం మీద కాలు పెట్టి చూసేవాణ్ణి. చల్లగా, తడిగా ఉండేది. శ్రావణం వానల్లో మా ఇంట్లో ఏ గుమ్మమైనా తడిగానే ఉంటుందని, దండెం మీద ఎవరి చీరా ఆరదని నాకు తెలుసు. పరీక్షగా అమ్మ నడిచాక కూడా కాలు పెట్టి చూశాను, అదే తడి. అయినా ఫలితం ఒప్పుకోవడానికి మనసు రాలేదు. పిన్ని ఆవకాయ, పెరుగు కలిపి ముద్ద చేసి నోటి దగ్గరికి తెస్తే తల తిప్పుకునేవాణ్ణి.

"ఏంట్రా చిన్నా, లంక నీళ్లు తాగొచ్చేనని నా చేతి ముద్ద అంటుకుంటుందా నీకు?" అని నవ్వేది. నవ్వినప్పుడు ఇంకా భయమేసేది. పిన్ని మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు అయిదో ముక్క తీసి చదివాను. అందులో నిజంగానే భయం మాట లేదు. ఉయ్యాల, పసుపు, సాంబ్రాణి పొగ, అక్కాచెల్లెళ్ల నవ్వులు. కానీ నాలుగోది చదివిన నాకు ప్రతి పేజీలోనూ ఒక్క వాక్యం ముల్లులా తగిలింది. కుచ్చెళ్ల అంచు తడిగా ఉంది. అంతే రాసి ముందుకు వెళ్లిపోయాడు ఆయన. ఒకే పుస్తకం, ఒక ముక్క తీసేస్తే శుభం, ఉంచితే మరణం. అంత నేర్పు ఉన్నవాణ్ణి నేను మళ్లీ చదవలేదు.

వరద తీశాక లంక నుంచి కబురు వచ్చింది, మామ్మా బాబాయీ క్షేమం. పశువులు పోయాయి, ఇంటికి ఒక్క గోడే మిగిలింది. పిన్నికి రామచంద్రపురం ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం అయ్యాక మామ్మ వచ్చారు, ఇంకా బురద మరకలు వదలని చీరలో, ఎవరి తోటలోనో మిగిలిన అరటి హస్తం ఒకటి పట్టుకుని. పిల్లను చూశారు, ముక్కు తమ వంశానిదేనన్నారు, కాళ్లు చాపి చాప మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ అడిగిన మొదటి మాట ఇది.

"ఆ కుముద ఏరు ఎలా దాటిందే? మేడ మీద కూర్చున్నన్నాళ్లూ అదే ఆలోచన. మధ్య ముక్క దొరికిందా?"

అమ్మ చింతపండు పిక్కలు ఇంకా వేగంగా తీయసాగింది.

"దొరికింది అత్తయ్యా" అంది పిన్ని. పిల్లను ఒళ్లో సర్దుకుంది. "పడవ నడిమికొచ్చేసరికి తాటి దుంగొకటి కొట్టుకొచ్చి తగిలింది. పడవ ఓ పక్కకి ఒరిగిపోయింది, నీళ్లు లోపలికొచ్చేసేయి. కుముద రెండు చేతుల్తో బల్ల పట్టుకుని కళ్లు మూసుకుంది. మూసుకుంటే ఇంకా భయమేసింది, అందుకని తెరిచి, ఎదురుగా గడ వేస్తున్నవాడి వీపు చూస్తూ కూర్చుంది. ఆ వీపు మీద కుడి పక్క ఓ పెద్ద పుట్టుమచ్చ. వాన చుక్కలు మెడ మీంచి జారి ఆ మచ్చ దాటి నడుం దాకా పోతున్నాయి. ఈ చుక్క నడుం దాకా చేరేదాకా బతికితే చాలు అనుకుంది. అది చేరేక ఇంకో చుక్క. అలా వచ్చింది ఒడ్డుదాకా."

"భయపడిందన్నమాట" అన్నారు మామ్మ.

"చచ్చేంత భయపడింది అత్తయ్యా. ఒడ్డున అక్కని చూసేక ఆ భయం చెప్తే ఏడుపొచ్చేస్తుందని, వేరే మాటేదో మాట్లాడింది."

"పాపం" అన్నారు మామ్మ తృప్తిగా. "అంత భయంలోనూ దాటింది చూడు."

ఇదేదీ నాలుగో ముక్కలో లేదు. పుట్టుమచ్చ ఉన్నది గంగరాజు వీపు మీద. రేవులో పడవ కడుతున్నప్పుడు రోజూ చూసేవాణ్ణి. ఆ వీపు చూస్తూ దాటింది మా పిన్ని. నీళ్లలోంచి వచ్చినదానికి భయం ఉండదు. పిన్నికి భయమేసింది, నాకంటే ఎక్కువగా వేసింది. నేను తలుపు వెనక నుంచి వచ్చి ఆమె పక్కన, తడి కుచ్చెళ్లకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె ఏమీ అడగకుండా నా నోట్లో రెండు అరటిపండు ముక్కలు పెట్టింది.

పురిటి పిల్లకు మెత్తని పాత చీరల కోసం ట్రంకు పెట్టె తెరిచినప్పుడే నాలుగో ముక్క దొరికిందని, చదివి మళ్లీ అక్కడే పెట్టేశానని చాలా ఏళ్ల తర్వాత పిన్ని చెప్పింది. మామ్మకు మాత్రం అసలు సంగతి చెప్పలేదు. ఏ నమ్మకంతో తనను పడవ ఎక్కించిందో ఆ నమ్మకం అబద్ధమని తెలిస్తే ఆ ముసలావిడ బతికినన్నాళ్లూ నిద్రపోదంది.

మామ్మ ఇప్పుడు లేరు. రత్నం గారూ లేరు, ఆవిడ పోయాక పుస్తకం వెన్ను కోయగల చెయ్యి మా వీధిలో మిగల్లేదు. టీవీలు వచ్చాయి, తర్వాత ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఎంత పెద్ద నవలైనా మొదలూ చివరా కలిసి ఒక్కసారే అరచేతిలో పడుతుంది, పక్కింటివాళ్లు ముగించేదాకా ఎవరూ ఆగనక్కర్లేదు, ఎవరి భయం ఎవరికీ తెలియనక్కర్లేదు. లంకను ఏరు ఏటికేడు కోసేసింది. అరటి తోటలు, బడి మేడ, పిన్ని కాపురం చేసిన ఇంటి స్థలం, అన్నీ ఇప్పుడు నీళ్లే. అక్కడి వాళ్లు గట్టు వెంబడి ఊళ్లలో తలోచోట సర్దుకున్నారు.

కిందటి నెల మా ఊరు వెళ్తూ ద్రాక్షారామంలో ఆటో ఎక్కితే పక్కన నా వయసు ఆవిడ కూర్చుంది. ఆ లంక మనిషేనట. మాటల్లో వరదల సంగతి వచ్చింది.

"మా లంకలో కుముదని ఒకమ్మాయి ఉండేదంటండి. నేను చూడలేదు, మా అత్తగారి కాలం. నిండు చూలాలు, వరదలో ఏరు దాటేసింది. ఏం కాలేదు. మా వైపు మిగతా లంకల్లో పిల్లలు పురిటికి ఏరు దాటడానికి భయపడితే ఇప్పటికీ ఆ అమ్మాయి కథే చెప్తామండి."

"తర్వాత ఏమైందండీ ఆవిడకి?" అన్నాను.

"ఏమవుద్దండి, హాయిగా ఉంది. పిల్లల్ని కన్నది, మనవల్ని ఎత్తుకుంది."

ఆటో గట్టెక్కింది. ఒక పక్కన ఏరు ఎర్రగా, నిశ్శబ్దంగా పోతోంది. ఆయ్, అన్నాను నేను.